ఒక్క ఫోను, నలభై మంది పిల్లలు: ఉపాధ్యాయులకు పనికొచ్చే ఆన్‌లైన్ సాధనాలు



పోయిన ఏడాది నోటుపుస్తకాల పంపిణీ అయిపోయి అందరం చాయ్ తాగుతుండగా ఒక దాత నన్ను పక్కకు పిలిచారు. "సార్, ఇంకా ఎన్నాళ్ళు నోటుపుస్తకాలు, బ్యాగులు? లోకమంతా ఆన్‌లైన్ అయిపోయింది. మన పిల్లలకు తలా ఒక ట్యాబ్ కొనిద్దాం. ఎంతవుతుందో లెక్క చెప్పండి" అన్నారు. ఆయన బండల వ్యాపారం చేసే మనిషి. లెక్క చెబితే ఆ పూటే చెక్కు రాసేవారు. నేను మాత్రం "కొంచెం టైం ఇవ్వండి, ఆలోచించి చెబుతాను" అన్నాను. ఆ జవాబే ఈ వ్యాసం. ఆలస్యమైనందుకు మన్నించాలి.

నేను బి.ఇడి. చదివిన రోజుల్లో బోధనోపకరణాలు అంటే చార్టు, గ్లోబు, రోలప్ బోర్డు. ఇప్పుడు జేబులో ఉండే ఫోనులో అవన్నీ ఉన్నాయి. వాటిలో ఏది మన తాడిపత్రి పిల్లలకు నిజంగా పనికొస్తుంది, ఏది డబ్బు దండగ, దాతగా మీరు ఎక్కడ చేయి వేస్తే ఫలితం ఉంటుంది అన్న మూడు విషయాలు నాకు తెలిసినంత వరకు చెబుతాను.

ముందుగా నా తప్పు

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆ తర్వాత మేమంతా వాట్సాప్ మాస్టర్లం అయ్యాం. తొమ్మిదో తరగతికి నేను క్లాస్ టీచర్‌ని. ఉదయం పది గంటలకు గ్రూపులో పాఠం, ఫోటోలు పెట్టేవాణ్ణి. ఎవరు చూశారో, ఎవరు చూడలేదో ఫోనే చెబుతుంది కదా. ఒక అమ్మాయి నంబరు నుంచి రోజంతా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. వారం చూశాను. ఒకరోజు అందరూ చూసేలా గ్రూపులోనే ఆ అమ్మాయి పేరు రాసి, ఇంత నిర్లక్ష్యం పనికిరాదని పెట్టాను.

మరుసటి రోజు సాయంత్రం వాళ్ళ నాన్న మా ఇంటికి వచ్చాడు. బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని. చేతుల మీద, చొక్కా మీద తెల్లటి రాతిపొడి అలాగే ఉంది. గడప బయటే నిలబడి, "సార్, ఫోను ఒకటే ఉండేది. నేను డ్యూటీకి పోతే అది నాతోనే వస్తుంది. రాత్రి నేను ఇంటికి పోయినాక మా బిడ్డ చూసి రాసుకుంటుంది" అని చెప్పి, సంచిలోంచి నోటుపుస్తకం తీసి చూపించాడు. ప్రతి పాఠం ఉంది. నేను పెట్టిన బొమ్మలన్నీ స్కేలుతో గీసి ఉన్నాయి. గ్రూపులో సందేశం తీసేశాను. అప్పటికే నలభై ఇళ్ళలో దాన్ని చదివేశారు.

ఫోనులో కనిపించే ఆకుపచ్చ చుక్కను, నీలం టిక్కును నమ్మి పిల్లను అంచనా వేశాను. సాధనం చెప్పింది అబద్ధం కాదు. దాన్ని చదవడం నాకు రాలేదు. ఈ వ్యాసంలో ఏ యాప్ గురించి చెప్పినా ఆ నోటుపుస్తకం నా కళ్ళ ముందు ఉందని గుర్తుంచుకోండి.

యంత్రం ముందా, మాస్టరు ముందా?

బడికి సాంకేతిక పరిజ్ఞానం తేవాలన్న ఆశ మనకు కొత్తది కాదు. 1975 ఆగస్టు 1న మన దేశం సైట్ అనే ప్రయోగం మొదలుపెట్టింది. అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఏడాదిపాటు ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2400 పల్లెలకు టీవీ పాఠాలు అందాయి. ఆ ఆరింటిలో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2004 సెప్టెంబరు 20న మన శ్రీహరికోట నుంచే ఎడ్యుసాట్ ఎగిరింది. చదువు కోసమే పంపిన ఉపగ్రహం అది. కరోనా కాలంలో దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. 2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంపిణీ చేయడం ప్రారంభించింది. వాటిలో పాఠాలు ఒక ప్రైవేటు కంపెనీవి. 2024లో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్ళిందని పత్రికల్లో మీరూ చదివే ఉంటారు.

దక్షిణ అమెరికాలోని పెరూ దేశం లక్షల సంఖ్యలో పిల్లలకు చిన్న ల్యాప్‌టాప్‌లు పంచింది. అంతర్ అమెరికా అభివృద్ధి బ్యాంకు ఆర్థికవేత్తలు 2012లో ఆ బడులను పరిశీలించి చూస్తే లెక్కల్లో, భాషలో పిల్లల మార్కులు పెరిగిన దాఖలా కనిపించలేదు. పిల్లలకు యంత్రం అందింది, దాన్ని పాఠంతో ముడివేసే మనిషి అందలేదు.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. ఢిల్లీలో ప్రభుత్వ బడుల పిల్లలకు బడి అయిపోయాక సాయంత్రం కేంద్రాల్లో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో చదువు చెప్పారు. సగం సమయం కంప్యూటరు ముందు, సగం సమయం చిన్న బృందంలో ఒక టీచరు దగ్గర. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ అనే పరిశోధకులు దీన్ని పరిశీలించి 2019లో ఫలితాలు ప్రచురించారు. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో పిల్లలు గణనీయంగా ముందుకు వచ్చారు. కారణం సులువే. పిల్లవాడు ఏ తరగతిలో కూర్చున్నాడన్నది ఆ సాఫ్ట్‌వేర్ పట్టించుకోలేదు. వాడికి నిజంగా ఎంత వచ్చో చూసి అక్కడి నుంచి మొదలుపెట్టింది. అక్కడ ఆరో తరగతి పిల్లలు సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారని వాళ్ళు తేల్చారు. మన ఊళ్ళో ఏ టీచర్‌ని అడిగినా ఈ మాటకు ఆశ్చర్యపడరు.

అందుకే నేను ఏ సాధనాన్నైనా మూడు ప్రశ్నలతో కొలుస్తాను. ఒక్క ఫోను ఉన్న తరగతిలో ఇది నడుస్తుందా? నెట్ పోయినా పని ఆగకుండా ఉంటుందా? వెనక బెంచీలో కూర్చున్న పిల్లకు ఏం రాదో ఇది నాకు చెబుతుందా? ఈ కొలతకు నిలిచిన కొన్నింటిని కింద చెబుతున్నాను.

చదవడం నేర్పేవి

మన ఇళ్ళలో పిల్లలు ఉర్దూ మాట్లాడతారు. కొందరి ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు. వీధిలో తెలుగు, బడిలో ఇప్పుడు ఇంగ్లీషు మీడియం. మూడు భాషల మధ్య పిల్లవాడు ఏ ఒక్క దాన్నీ గడగడా చదవలేక ఆగిపోతున్నాడు. అన్ని సబ్జెక్టుల వెనకబాటుకు మూలం ఇదే.

గూగుల్ రీడ్ ఎలాంగ్ అనే యాప్ 2019లో మన దేశంలోనే బోలో అన్న పేరుతో మొదలైంది. పిల్లవాడు తెరమీది కథను బయటికి చదువుతాడు. దియా అనే బొమ్మ వింటుంది. తప్పు పలికితే ఆ పదాన్ని మళ్ళీ చూపిస్తుంది. రాకపోతే పదం మీద వేలు పెడితే పలికి వినిపిస్తుంది. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింటిలో కథలు ఉండటం మన పిల్లలకు వరం. కథలు ఒకసారి దించుకుంటే తర్వాత నెట్ అవసరం లేదు. పదిమంది ముందు చదవమంటే నోరు విప్పని పిల్లలు దియా ముందు విప్పుతారు. అది నవ్వదు, విసుక్కోదు.

రెండోది స్టోరీవీవర్. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015 సెప్టెంబరు 8న, అంతర్జాతీయ అక్షరాస్యతా దినాన దీన్ని ప్రారంభించింది. వేల కథలు, రంగు బొమ్మలతో, ఎన్నో భాషల్లో ఉచితం. ప్రింటు తీసుకోవచ్చు, మనమే అనువాదం చేసుకోవచ్చు, అనుమతి అడగనవసరం లేదు. ఒకే కథ తెలుగులో, ఉర్దూలో పక్కపక్కన పెట్టి చదివించవచ్చు. మా తరగతిలో ఒక పిల్ల తెలుగు కథను వాళ్ళ నానీకి ఉర్దూలో చెప్పి, నానీ చెప్పిన మాటలతో మళ్ళీ రాసుకొచ్చింది. నానీకి చదువు రాదు. ఆ వారం ఆమె కూడా మా టీచరే.

పాఠ్యపుస్తకం పక్కన నిలిచేవి

దీక్ష అనే జాతీయ వేదికను 2017 సెప్టెంబరు 5న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్య నాయుడు గారు ప్రారంభించారు. మీ పిల్లల పాఠ్యపుస్తకంలో పాఠం దగ్గర చిన్న నలుపు తెలుపు గళ్ళ చదరం ఉంటుంది, చూశారా? దాన్నే క్యూఆర్ కోడ్ అంటారు. దీక్ష యాప్ తెరిచి దాన్ని చూపిస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియో, ప్రశ్నలు వస్తాయి. నెట్ ఉన్నచోట దించుకుని లేనిచోట చూపవచ్చు. టీచర్లకు నిష్ఠ శిక్షణ కూడా దీని ద్వారానే నడిచింది. చాలా ఇళ్ళలో ఈ గళ్ళు ఎందుకున్నాయో తెలియదు. తల్లిదండ్రుల సమావేశంలో ఐదు నిమిషాలు చూపిస్తే చాలు.

ఉర్దూ మీడియం పిల్లలకు ఎన్‌సీఈఆర్‌టీ వారి ఈ-పాఠశాలలో ఉర్దూ పాఠ్యపుస్తకాలు ఉన్నాయి. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉర్దూలో వీడియో పాఠాలు తయారుచేసి యూట్యూబ్‌లో ఉంచుతోంది. మాట అర్థం కావాలంటే రేఖ్తా వారి ఉర్దూ నిఘంటువు, తెలుగుకు ఆంధ్రభారతి నిఘంటువు ఉచితంగా చూసుకోవచ్చు.

సైన్సు, లెక్కలు

మన బడుల్లో ప్రయోగశాల అంటే తాళం వేసిన బీరువా. ఆ బీరువాను ఫెట్ తెరిచింది. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో కార్ల్ వీమన్ దీన్ని స్థాపించారు. ఆయనకు 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ బహుమతి సొమ్ములో కొంత దీనికే పెట్టారు. ఇందులో బ్యాటరీ, బల్బు, తీగలు తెరమీద కలిపి వలయం కట్టవచ్చు. తీగ నేరుగా కలిపి షార్ట్ సర్క్యూట్ చేస్తే బ్యాటరీకి మంట లేస్తుంది. పిల్లలు కేరింతలు కొడతారు, ఎవరి చేయీ కాలదు. ఒక్కో ప్రయోగం ఒక్క ఫైలుగా దించుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోవచ్చు. కొన్ని తెలుగులోకి కూడా వచ్చాయి.

జ్యామితికి జియోజీబ్రా. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో మార్కుస్ హోహెన్‌వార్టర్ అనే విద్యార్థి 2001లో దీన్ని మొదలుపెట్టాడు. త్రిభుజం శీర్షాన్ని వేలితో లాగుతుంటే మూడు కోణాలు మారుతూనే ఉంటాయి, మొత్తం మాత్రం 180 డిగ్రీలు దాటదు, తగ్గదు. సుద్దముక్కతో బోర్డు మీద గీసిన త్రిభుజాన్ని ఇలా లాగలేం కదా.

ఒక్క ఫోనుతో నలభై మంది

నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడింది ప్లిక్కర్స్. దీనికి పిల్లల దగ్గర ఏ పరికరమూ అక్కర్లేదు. తలా ఒక కాగితం కార్డు ఇస్తాం. దాని మీద నలుపు తెలుపు ఆకారం. నాలుగు అంచులకు ఏ, బి, సి, డి అని చిన్న అక్షరాలు. ప్రశ్న చదివాక పిల్లవాడు తన జవాబు అంచు పైకి వచ్చేలా కార్డు పట్టుకుంటాడు. టీచరు ఫోను కెమెరాను తరగతి మీదుగా తిప్పితే ఎవరు ఏ జవాబు చూపారో తెరమీద వస్తుంది. ఒక్కో కార్డు ఆకారం ఒక్కో రకం కాబట్టి పక్కవాణ్ణి చూసి రాయడం కుదరదు. నలభై కార్డులు జెరాక్స్ షాపులో తీయిస్తే ఒక పూట చాయ్ బిస్కెట్ల ఖర్చు. టీచరు ఫోనులో మాత్రం నెట్ ఉండాలి.

ఒక పాఠం చెబుతాను. వైశాల్యం బోధిస్తున్నాను. మన ఊరి పిల్లలకు బండల చదరపు అడుగులు పుట్టుకతో వచ్చిన లెక్క. ఈ ప్రశ్న ఇచ్చాను: గది 10 అడుగులు, 12 అడుగులు. బండ 2 అడుగులు, 2 అడుగులు. ఎన్ని బండలు కావాలి? జవాబులు: ఏ 30, బి 60, సి 120, డి 44.

సరైన జవాబు 30. గది 120 చదరపు అడుగులు, బండ 4 చదరపు అడుగులు. తప్పు జవాబులను నేను ఊరికే వేయలేదు. 60 అన్న పిల్లవాడు బండ వైశాల్యం 4 అని చూడకుండా పక్క పొడవు 2తో భాగించాడు. 120 అన్నవాడు గది వైశాల్యం దగ్గరే ఆగిపోయాడు. 44 అన్నవాడు గది చుట్టుకొలత చేశాడు, అంటే వైశాల్యానికి, చుట్టుకొలతకు తేడాయే తెలియదు. ఆ రోజు సగం మంది కూడా 30 చూపలేదు. 60 చూపినవాళ్ళే ఎక్కువ. నోటితో "అర్థమైందా?" అని అడిగితే నలభై మందీ "అయింది సార్" అని ఒక్క గొంతుతో అనేవారు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఈసారి వరండాలో సుద్దతో బండ గీసి, దానిలో ఒక్కో అడుగు చదరాలు నాలుగు గీయించి.

44 చూపినవాళ్ళలో క్లాసులో ఎప్పుడూ మాట్లాడని ఒక అమ్మాయి ఉంది. చేయి ఎత్తమంటే ఎత్తదు, బోర్డు దగ్గరికి రమ్మంటే రాదు. మంచి పిల్ల, నెమ్మదైన పిల్ల అని అందరం అనుకునేవాళ్ళం. నాలుగేళ్ళుగా ఆమెకు చుట్టుకొలత, వైశాల్యం కలగలిసిపోయి ఉన్నాయని నాకు ఒక కాగితం ముక్క చెప్పింది. నెమ్మదిగా ఉండటాన్ని మనం, ముఖ్యంగా ఆడపిల్లల్లో, మెచ్చుకుంటాం. ఆ మెప్పు కింద ఎన్ని సందేహాలు పూడిపోతున్నాయో ఆలోచించాలి.

ఇంటి దగ్గర చేయించే పరీక్షలకు గూగుల్ ఫామ్స్ మంచిది. మార్కులు అదే వేస్తుంది, ఏ ప్రశ్న ఎక్కువమంది తప్పారో బొమ్మ గీసి చూపిస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లలను ఎన్‌ఎంఎంఎస్ పరీక్షకు సిద్ధం చేయడానికి నేను దీన్ని వాడతాను. అందులో మానసిక సామర్థ్యం 90 ప్రశ్నలు, పాఠ్యాంశాలు 90 ప్రశ్నలు. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో చదువుతూ ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలకు మించని పిల్లలు దీనికి అర్హులు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు, అంటే నాలుగేళ్ళకు 48,000.

నెట్ లేనిచోట

కోలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పాత కంప్యూటర్లో దీన్ని వేసి, నెట్ ఉన్నచోట ఒకసారి ఖాన్ అకాడమీ వీడియోలు, ఫెట్ ప్రయోగాలు, ప్రథమ్ బుక్స్ కథలు నింపుకోవచ్చు. ఆ తర్వాత ఒక చిన్న వైఫై రూటరు పెడితే ఆ గదిలో ఉన్న ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు అన్నీ దాని నుంచే పాఠాలు తెరుచుకుంటాయి. బయటి నెట్ అక్కర్లేదు, రీచార్జి అక్కర్లేదు. ఇంటర్నెట్టంతా తెరిచి పిల్లల చేతికివ్వకుండా, మనం ఎంచి పెట్టిన పాఠాలే వారికి అందుతాయి. తల్లిదండ్రుల భయం సగం ఇక్కడే తీరుతుంది. మన సాయంత్రపు తరగతులకు ఇది సరిగ్గా సరిపోతుంది.

జాగ్రత్తలు

2023లో యునెస్కో చదువులో సాంకేతికత గురించి ప్రపంచ నివేదిక వెలువరించింది. సాధనాన్ని ఎవరి మేలు కోసం, ఎవరి షరతుల మీద వాడుతున్నారో అడగమని అది ప్రభుత్వాలను హెచ్చరించింది. అదే ఏడాది ఆగస్టులో మన రాష్ట్రంలో కూడా తరగతి గదుల్లో ఫోన్ల వాడకం మీద ఆంక్షలు వచ్చాయి. కాబట్టి బడిలో ప్రధానోపాధ్యాయుల అనుమతితో, బడి తెర మీదే వాడాలి. మిగతాది సాయంత్రపు తరగతికి ఉంచుకోవాలి.

అదే 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. ప్లిక్కర్స్‌లో నేను పిల్లల పూర్తి పేర్లు రాయను, రోల్ నంబర్లే. ఆడపిల్లల ఫోటోలు గ్రూపుల్లో పెట్టను. మన సంస్థలు కూడా బ్యాగులు పంచేటప్పుడు తీసే ఫోటోల విషయంలో ఒకసారి ఆగి ఆలోచిస్తే బాగుంటుంది. తీసుకునే చేతికీ ఒక గౌరవం ఉంది.

ఇక కృత్రిమ మేధ. ప్రశ్నపత్రం తయారుచేయడానికి, ఒకే పాఠాన్ని మూడు స్థాయిల్లో రాయించడానికి ఇది టీచరుకు చాలా సమయం మిగులుస్తుంది. తెలుగు టైపు రాని నా వయసువాళ్ళకు ఫోనులో మాట్లాడి రాయించుకునే సౌకర్యం కూడా గొప్ప మేలు. ఈ వ్యాసం సగం అలాగే రాశాను. అయితే అది ఎంత ధీమాగా నిజం చెబుతుందో అంతే ధీమాగా తప్పు చెబుతుంది. ఒక యాప్‌ను తాడిపత్రి గురించి ఐదు వాక్యాలు రాయమంటే మన ఊరిని పెన్నా ఒడ్డు నుంచి తీసుకెళ్ళి తుంగభద్ర ఒడ్డున కూర్చోబెట్టింది. మా తరగతిలో దీన్నే పాఠం చేశాను. తప్పు పట్టినవాళ్ళకు చప్పట్లు. యంత్రం రాసింది కూడా సరిచూసుకోవాలన్న అలవాటు ఆ రోజు మొదలైంది.

దాతలకు నా మనవి

పైన చెప్పిన సాధనాల్లో దాదాపు అన్నీ ఉచితం. ఉచితం అంటే ఖర్చు లేనిది అని కాదు, మన బదులు ఇంకెవరో చెల్లించారని. ఒక శాస్త్రవేత్త తన నోబెల్ సొమ్ములో కొంత పెట్టాడు. ఖాన్ అకాడమీ దాతల విరాళాలతో నడుస్తోంది. స్టోరీవీవర్ కథల వెనక కూడా విరాళాలే ఉన్నాయి. ఎప్పుడో, ఎక్కడో ఇచ్చినవారి సొమ్ము ఈరోజు తాడిపత్రిలో ఒక పిల్లకు కథ చదివిస్తోంది. సదఖా జారియా అంటే మనకు బావి, చెట్టు, మదరసా గుర్తుకొస్తాయి. ఆ వరుసలో దీన్ని కూడా చేర్చవచ్చునని నా మనసుకు అనిపిస్తుంది.

కాబట్టి తలా ఒక ట్యాబ్ వద్దని నా సలహా. రెండేళ్ళలో బ్యాటరీ పోతుంది, అద్దం పగులుతుంది, బాగుచేయించే స్తోమత ఆ ఇంటికి ఉండదు. దాని బదులు ఇవి చేద్దాం.

ఒకటి, సాయంత్రపు తరగతి గదికి ఒక ప్రొజెక్టరు, కోలిబ్రి నింపిన ఒక కంప్యూటరు, కరెంటు పోయినా నడిచేలా ఇన్వర్టరు.

రెండు, ప్రతి బడికి నాలుగు సెట్ల ప్లిక్కర్స్ కార్డులు, లామినేషన్ చేయించి. ఖర్చు చాలా తక్కువ, ఫలితం మరుసటి రోజే.

మూడు, ఇది అన్నిటికంటే ముఖ్యం. డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న మన అమ్మాయిలు ఎంతోమంది ఉన్నారు. ఇద్దరిని తీసుకుని గౌరవ వేతనం ఇచ్చి రోజూ రెండు గంటలు కూర్చోబెడదాం. యంత్రానికి పెట్టే ప్రతి రూపాయికీ మనిషికి ఒక రూపాయి పెట్టకపోతే పెరూ కథే మళ్ళీ మనకూ.

నాలుగు, ఎన్‌ఎంఎంఎస్, ఇతర స్కాలర్‌షిప్పుల దరఖాస్తులకు ఆన్‌లైన్ సాయం. మన పిల్లల పేర్లలో ఒక చిక్కు ఉంది. ఆధార్‌లో షేక్ ముందుంటుంది, బడి రిజిస్టరులో వెనక ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో అసలు ఉండదు. ఒక అక్షరం తేడాతో అర్హత ఉన్న పిల్లల దరఖాస్తులు ఆగిపోవడం నేను చూశాను. ఏడో తరగతిలోనే ఈ మూడూ సరిచూసి సరిచేయించే ఒక మనిషి ఉంటే, మనం ఇచ్చే విరాళం కంటే ఎక్కువ సొమ్ము పిల్లలకు వాళ్ళ హక్కుగానే అందుతుంది.

ఒక చిన్న మాట. జకాత్ సొమ్ము అర్హులైన పేదల చేతికి, వారి సొంతమయ్యేలా అందాలని ఉలమా చెబుతారు. కాబట్టి పిల్లల పుస్తకాలకు, ఫీజులకు జకాత్ ఉంచి, ప్రొజెక్టరు వంటి ఉమ్మడి వస్తువులకు సదఖా సొమ్ము కేటాయించడం మంచిది. సందేహం ఉంటే మీ మసీదు ఇమామ్ గారిని అడిగి ఇవ్వండి.

చివరిగా ఆ అమ్మాయి సంగతి. మరుసటి ఏడాది పది పాసైంది, ఇంటర్‌లో చేరింది. తర్వాత పనుల కోసం ఆ కుటుంబం బళ్ళారి వైపు వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్న నంబరు మారింది. గ్రూపులో అందరి ముందు తప్పు పట్టాను, అందరి ముందు క్షమాపణ మాత్రం చెప్పలేకపోయాను. ఇంటి గడప దగ్గర తండ్రికి చెప్పిందే. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. గ్రూపులో ఏ పని ఇచ్చినా రాత్రి పది దాటేదాకా ఎవరి పేరూ అడగను. తొమ్మిదింటికి డ్యూటీ దిగి వచ్చే ఫోన్లు మన ఊళ్ళో చాలా ఉన్నాయి.

ట్యాబుల లెక్క అడిగిన ఆ దాత గారికి ఈ జవాబు చేరుతుందని, నచ్చకపోతే మళ్ళీ చాయ్ దగ్గర నన్ను నిలదీస్తారని ఆశిస్తున్నాను.